ఎర్ర కారు ఎడమ సీటు

నాకు బీడీ లేదు, పేకాట లేదు. ఉండే యావంతా ఆ ఎర్ర కారు మీదనే. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకేం పట్టదు.

కరకంబాడి రోడ్డులో మాది కుషన్ అంగడి, దాని మీదనే ఇల్లు. మా అబ్బా రిక్షాలకు సీట్లు కుట్టినాడు, నేను కార్లకు కుడతాను. తిరుపతిలో కొత్త బండి కొన్నోళ్ళు అలిపిరిలో పూజ చేయించుకుని, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, నేరుగా నా దగ్గరికే వస్తారు. ఊళ్ళోవాళ్ళ కార్లన్నిటికీ సీట్లు కుట్టీ కుట్టీ నాకూ ఒకటుంటే బాగుండునని ఆశ పుట్టింది. అదీ మామూలు కారు కాదు. రెండే సీట్లు, నేలకు అతుక్కున్నట్టుండే స్పోర్ట్స్ కారు.

చెన్నైలో తుఫాను వచ్చిపోయినప్పుడల్లా మునిగిన కార్లు మా పక్కకు వస్తాయి. ఇదీ అట్లా వచ్చిందే. బ్రోకరేమీ దాచలేదు. "నీళ్ళు తాగిన బండి తౌసిఫ్ భాయ్, ఇష్టమైతేనే తీసుకో" అన్నాడు. నాకు ఇష్టమైంది. అంతకంటే ఏం చెప్పేది?

సీట్లు విప్పి ఎండబెట్టి, నల్ల రెక్సిన్‌కు ఎర్ర దారంతో కుట్లేసినాను. రూఫ్ గుడ్డ మరకలు పట్టి, జారి తలకు తగులుతా ఉండింది. దాన్ని పీకితే పాత స్పాంజి పొడి కండ్లల్లో పడుతుంది. అందుకని పాతదాని మీదనే కొత్త గుడ్డ అతికించినాను. మా పనిలో అందరూ చేసేదే. ఎడమ సీటు బెల్టొక్కటి మాత్రం నాకు లొంగలేదు. దాని తాళం తుప్పు పట్టి లోపల పూడుకుపోయి ఉండింది. ఎంత నూనె పోసినా బెల్టు నాలుక దాంట్లోకి దూరలేదు. మా బిడ్డ అఖ్సా రెండో తరగతి. నాతో షికారుకొచ్చినప్పుడు ఆ బెల్టును చేత్తోనే పట్టుకుని కూచునేది.

"ఆ కారునే నిఖా చేసుకోవాల్సింది మీరు" అని మా ఇంటామె గుల్నాజ్ దెప్పేది. దెప్పనీలే అనుకునేవాణ్ణి. చంద్రగిరి దాటి ఖాళీ రోడ్డు మీద దాని గొంతు విప్పితే ఉంటాదే... ఆ సంతోషం నాకు ఇంకెందులోనూ దొరకలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆ రోడ్డు మీదనే అది ఆగిపోయింది. లోపల సుత్తితో కొట్టినట్టు ఒక్క దెబ్బ, అంతే. మెకానిక్ గిరి నా చిన్ననాటి స్నేహితుడు. లాగించుకొచ్చి ఇంజను దించి విప్పినాడు.

"ఏమప్పా తౌసిఫ్, యాడ ముంచినావు దీన్ని?"

"ముంచేదేంది?"

"లోపలంతా నీళ్ళు. పిస్టన్ కడ్డీ వంగిపోయి ఉండాది. సూడు, ఒండ్రు మట్టి."

చూసినాను. నల్లటి మెత్తటి మట్టి. వానపడి నెలలైంది, ఊళ్ళో కొళాయిలకే నీళ్ళు లేవు. గిరి ఆ మట్టిని వేళ్ళ మధ్య నలిపి వాసన చూసి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఇక ఉండేది రెండు దారులే. ఇంకో ఇంజను తెచ్చి పెట్టడమా, నాయుడుపేట పాత ఇనుము మునిరత్నానికి కారును అట్లే అప్పజెప్పడమా. ఇంజను తెస్తే అంగడి కుదవ పెట్టాల్సిందే. "ఇచ్చేయండి, పీడా పోతుంది" అని గుల్నాజ్. "ఇవ్వొద్దు అబ్బా" అని అఖ్సా ఏడుపు. నాకు అన్నం సయించలేదు. శనివారం పొద్దున వస్తానని మునిరత్నం ఫోన్ చేసినాడు. ఉంచుకోవాలో ఇచ్చేయాలో ఆ లోపల తేల్చుకోవాలి.

శుక్రవారం జుమ్మా నమాజు చేసుకొచ్చినాను. గుల్నాజ్, అఖ్సా మా మామ ఇంటికి, మదనపల్లికి పోయి ఉండారు. అంగడి మూసి ఉండింది. కారు వెనక షెడ్డులో, నేనే కుట్టిన మందపాటి కవరు కింద ఉండింది. ఇంజను లేదు, బ్యాటరీ లేదు. ఒక్కసారి దాంట్లో కూచుంటే నా మనసేందో నాకే తెలుస్తుందనుకున్నాను. కవరు అంచు ఎత్తి, కిందనుంచి దూరి, డ్రైవరు సీట్లో కూచుని తలుపు వేసుకున్నాను.

చీకటి. బయట మండుటెండ, లోపల చిమ్మచీకటి. రెక్సిన్ వాసన, జిగురు వాసన. స్టీరింగు మీద చేతులు పెట్టుకుంటే నాకు ఏడుపొచ్చింది. దాచుకునేదేముంది, ఏడ్చినాను. "ఎట్లయినా నిన్ను ఉంచుకుంటాను లే" అని పైకే అనేసినాను.

టక్‌మనింది.

తలుపుల తాళాలు పడినాయి. రెండు పక్కలా.

బ్యాటరీ లేదు కదా అని ఆలోచిస్తా కూచున్నాను కాసేపు. ఆ తాళం పడాలంటే కరెంటు కావాలి. హ్యాండిల్ లాగినాను. దేనికీ తగులుకోనట్టు ఊరికే వచ్చింది. మళ్ళీ లాగినాను. భుజంతో నెట్టినాను. తలుపు కదల్లేదు.

అప్పుడు వాసన మారింది. నా జిగురు వాసన పోయి, మురుగుకాలవ పొంగినప్పుడు వచ్చే వాసన. ఉక్కపోతకు కారే చెమట చల్లబడింది. కాళ్ళ కింద కార్పెట్టు మెత్తగా అణిగింది... చల్లగా... చెప్పుల్లోకి నీళ్ళొచ్చినాయి.

"యా అల్లా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

నీళ్ళు చీలమండ దాటినాయి. మోకాళ్ళ దాకా వచ్చినాయి. చప్పుడు లేదు. యాడ నుంచీ కారడం లేదు, ఊరికే పెరుగుతా ఉండాయి. అద్దం గుద్దినాను, అరిచినాను. ఎవరికి వినపడుతుంది? మూసిన అంగడి, మూసిన షెడ్డు, పైన నేను కుట్టిన కవరు.

అంతలో తల పైన చప్పుడు.

గర్... గర్... గర్...

గోళ్ళతో గీకే చప్పుడు. రూఫ్ గుడ్డ మీద కాదు. నేను అతికించిన గుడ్డకూ, లోపలి పాతదానికీ మధ్యన. చెయ్యెత్తి తాకినాను. గుడ్డ కిందికి ఉబికింది. చిన్న చిన్న వేళ్ళు నా అరచేతికి ఆనినాయి.

జేబులో కటింగ్ బ్లేడు ఎప్పుడూ ఉంటుంది నాకు. భయంలో ఏం చేస్తా ఉండానో తెలియకుండానే ఆ గుడ్డను కోసేసినాను. తపుక్కుమని తడి స్పాంజి ముఖం మీద పడింది. లోపలి పాత గుడ్డను తడిమినాను. దాని నిండా గీతలు. వెడల్పు లేని, దగ్గర దగ్గర గీతలు. అన్నీ ఎడమ సీటు పైననే.

నీళ్ళు నడుము దాకా వచ్చినాయి.

"అప్పా..."

ఎడమ సీట్లోనుంచి. చాలా మెల్లగా.

"అప్పా... కదవ తొరప్పా..."

మా అమ్మీ పుట్టిల్లు అరవదేశంలో గుడియాత్తం. నాకు అరవం బాగానే వచ్చు. నాయనా, తలుపు తియ్యి నాయనా అంటా ఉండాది ఆ బిడ్డ. మా అఖ్సా వయసుండే గొంతు.

ఊపిరి బిగబట్టినాను. పక్కన ఇంకో ఊపిరి వినిపిస్తా ఉండింది. పొట్టి పొట్టిగా, నీళ్ళ పైకి ముక్కు ఎత్తుకుని తీసుకునే ఊపిరి. దాంతోబాటు ఇంకో చప్పుడు... బెల్టును లాగే చప్పుడు. లాగుతుంది, వదులుతుంది. లాగుతుంది, వదులుతుంది.

సీట్లు కుట్టేవాడికి ఒకటి తెలుసు. తల ఆనించుకునే దిండును పైకి పీకితే దాని కింద రెండు ఇనుప కడ్డీలు ఉంటాయి, వాటితో అద్దం పగులుతుంది. నా సీటుది లాగితే బిగుసుకుపోయి ఉండింది, రాలేదు. ఎడమ సీటుదైతే వదులుగా ఉంటుందని తెలుసు.

ఎడమ సీటుదే... తీయాలి.

కండ్లు మూసుకున్నాను. చీకట్లో కండ్లు మూసుకునేదేందని అనకండి, మూసుకున్నాను. చెయ్యి సాచినాను. వేళ్ళకు తడి వెంట్రుకలు తగిలినాయి. రిబ్బను కట్టిన చిన్న జడ. దాని కింద మెడ. మెడ నా చెయ్యి పక్కకే తిరిగింది...

దిండు పీకినాను. నా పక్క అద్దం మీద ఎన్నిసార్లు పొడిచినానో తెలియదు. పగిలింది. కవరును బ్లేడుతో చీల్చినాను. వెలుతురు కండ్లల్లో కొట్టింది. పొట్ట గీసుకుంటా బయటికి పాకతా ఉంటే వెనకనుంచి మళ్ళీ ఆ గొంతు.

"ఎన్నయుం కూట్టిట్టు పోప్పా..."

నన్నూ తీసుకుపో నాయనా అని. నేను తిరిగి చూడలేదు.

షెడ్డు బయట ఎండలో పడినాను. చొక్కా పొడిగా ఉండాది. చెప్పులు పొడిగా ఉండాయి. చెమ్మ అన్నదే లేదు. పిచ్చి పట్టిందేమో అనుకున్నాను. చెవిలో ఏదో అడ్డమున్నట్టుంటే వేలు పెట్టి తీసినాను. నల్లటి మెత్తటి మట్టి.

ఇచ్చేద్దామని ఆ నిమిషమే తేలిపోయింది. యావా లేదు, ప్రేమా లేదు. ఊరికే ఇచ్చినా సరే.

శనివారం పొద్దున మునిరత్నం లారీ వేసుకొచ్చినాడు. మనిషి ఆంబోతు మాదిరి ఉంటాడు. పగిలిన అద్దం చూసి, "ఏమబ్బా, కారు మీద కోపమొచ్చిందా?" అని నవ్వినాడు. లాగేటప్పుడు స్టీరింగు పట్టుకోవాల కదా, తనే లోపల కూచుని తలుపు వేసుకున్నాడు.

"తలుపు వెయ్యొద్దన్నా!" అన్నాను.

అప్పటికే వేసేసినాడు. అద్దం లేని కిటికీలోనుంచి నన్ను చూస్తానే ఉన్నాడు. చూస్తా చూస్తా అతని నవ్వు ఆగిపోయింది. నోరు తెరిచినాడు. మెడ ఎత్తి గడ్డం పైకి పెట్టినాడు, నీళ్ళు గొంతు దాకా వచ్చినోడి మాదిరి. నేను ఉరికిపోయి తలుపు లాగినాను. బయటనుంచి మామూలుగానే వచ్చింది.

మునిరత్నం దిగి నిలబడినాడు. చిటికెనవేలు చెవిలో పెట్టి తిప్పి, ఆ వేలును చూసుకున్నాడు. పంచెకు తుడుచుకున్నాడు.

"ఏమన్నా, వినపడిందా?" అని గుసగుసగా అడిగినాను.

"నాకొద్దప్పా ఇది."

"ఊరికే తీసుకుపో అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నాకూ పిలకాయలుండారు తౌసిఫ్" అన్నాడు. లారీ ఎక్కి పోయినాడు. ఆ తర్వాత నేను ఫోన్ చేస్తే ఎత్తడంలేదు. ఎవరికి ఏం చెప్పినాడో, ఇంకొకడు కూడా కారు చూడ్డానికి రాలేదు.

గుల్నాజ్‌కు ఫోన్లో చెప్పినాను. "అది ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళు నేనూ బిడ్డా రాము" అనింది. తప్పా? నేనైనా అదే అంటాను. తగలబెడదామని ఒకసారి కిరసనాయిలు కూడా తెచ్చినాను. లోపల బెల్టుతో కట్టేసిన బిడ్డ ఉండాది కదా. చెయ్యి రాలేదు నాకు.

చివరికి గిరిని పిలిచి రెండు తలుపులూ విప్పించినాను. "మతి పోయిందా నీకు?" అన్నాడు గాని, విప్పినాడు. ఇక తాళం పడేదేముంది? అడ్డమేముంది? ఎడమ సీటు పక్కన నిలబడి, నాకొచ్చిన అరవంలో గట్టిగానే చెప్పినాను. "తలుపు తీసినానమ్మా. దిగిపో తల్లీ." ఏడుపు ఆపుకోలేకపోయినాను. గిరి నన్ను పట్టుకుని అంగట్లోకి తీసుకుపోయినాడు.

మరునాడు పొద్దున పోయి చూసినాను. ఎడమ సీటు బెల్టు పెట్టి ఉండింది. ఆ తుప్పు పట్టిన తాళంలో, నేను ఎంత నూనె పోసినా దూరని నాలుక, దూరి ఉండింది. తీయబోతే రాలేదు. బ్లేడుతో కోసినాను. ఆ మరునాడు చూస్తే బెల్టు అతుకు లేకుండా మామూలుగా ఉండింది, పెట్టే ఉండింది. దిగడం లేదు ఆ బిడ్డ. తలుపు తీసినా దిగడం లేదు. ఎవరికోసమో కాచుకోని ఉండాది.

నిన్న అఖ్సా ఫోన్ చేసి, "కారు ఇచ్చేసినావా అబ్బా?" అని అడిగింది. ఇచ్చేసినానని అబద్ధం చెప్పినాను. "అయితే రేపు వస్తాము" అనింది. వద్దమ్మా అనే లోపల పెట్టేసింది.

ఈ పొద్దు తెల్లారకముందే ఫజర్ బాంగుకు లేచినాను. రాత్రి అంగడి మీది గదిలో, లోపల గడియ పెట్టుకునే పడుకున్నాను. గడియ పెట్టినట్టే ఉండాది. కిందికి దిగి షెడ్డు చూసినాను. ఈసారి రెండు బెల్టులూ పెట్టి ఉండాయి. ఎడమదీ, డ్రైవరుదీ. డ్రైవరు బెల్టు నా పొట్ట కొలతకు సరిగ్గా బయటికి లాగి ఉండింది.

నమాజుకు ముందు వజూ చేసుకుందామని, కాళ్ళూ చేతులూ కడుక్కునేదానికి కొళాయి కాడికి పోయినాను. అప్పుడు చూసుకున్నాను నా తెల్ల జుబ్బాను. కుడి భుజం మీదనుంచి ఎడమ నడుము దాకా అడ్డంగా, బెల్టంత వెడల్పున, నల్లటి మట్టి పట్టీ. తాకి చూసినాను. ఇంకా తడిగానే ఉండింది.