రొట్టె అంచు

బొగ్గు ఊళ్ళో తెలుపు అనేది నిత్యం యుద్ధం చేసి నిలబెట్టుకోవలసిన రాజ్యం. వీధులూ గోడలూ చెట్ల ఆకులూ ఎన్నడో నలుపుకు సామంతులైపోగా, తలవంచక నిలిచిన సంస్థానం ఒక్కటే: ఒక ఇల్లాలి వంటగది. గడపలో తడిగుడ్డ కాపలా ఉండేది. కిటికీలోంచి బొగ్గునుసి జొరబడితే గాలి సైతం సంజాయిషీ ఇచ్చుకోవలసిందే.

ఆ ఉదయమూ పొయ్యి మీద పెనం యథావిధిగా కొలువుతీరింది. గనిలో జీవితమంతా తవ్వి రిటైరైన భర్త రొట్టె ముగించి టీ చప్పరిస్తున్నాడు. ఎదుట కూతురు రొట్టె తింటోంది. బొగ్గులారీలు తూచే ఆఫీసులో గుమాస్తా అని తల్లి వీధంతా చాటిన కూతురు. గని కప్పు కూలి తన తమ్ముడు పోయిన నాడే ఆ తల్లి ఒట్టు పెట్టుకుంది: తన కడుపున పుట్టినవాళ్ళెవరూ ఆ గోతిలోకి దిగకూడదు.

"తొందరగా తినవే, బస్సు వెళ్ళిపోతుంది."

"నువ్వు వేసే వేగానికి తినాలంటే ఇంకో నోరు కావాలమ్మా."

"ఉన్న నోరే నీకు ఎక్కువ. లే!"

కూతురు గబగబా లేచింది. పళ్ళెం తీయబోయిన తల్లి చెయ్యి అక్కడే ఆగిపోయింది. పళ్ళెంలో రెండు వేళ్ళ వెడల్పున చంద్రవంకలాంటి రొట్టె అంచు. భర్త పళ్ళెం వైపు చూసింది. అక్కడా అదే చంద్రవంక.

గని అడుగున చేతులు కడుక్కోవడానికి నీళ్ళుండవు. మసిచేత్తో రొట్టెను ఒక అంచున పట్టుకుని, మిగతాది తిని, నల్లబడ్డ ఆ అంచును ఎలుకలకు పారేస్తారు. రిటైరైనా భర్త ఎలుకల ప్రభువులకు ఆ కప్పం ఎగ్గొట్టలేదు. కానీ తూకం ఆఫీసులో నీళ్ళ కుళాయి ఉంది.

"ఇదేమిటే?"

"కడుపు నిండిందమ్మా."

"కడుపు నిండితే మధ్యలో వదిలేస్తారు. చంద్రవంక చెక్కరు. గనిలోకి దిగుతున్నావా?"

కూతురి మొహంలో నెత్తురుచుక్క లేదు. పెనం మీద రొట్టె మాడుతోంది. ఆ సంస్థాన చరిత్రలో మొట్టమొదటిసారిగా దాన్ని ఎవరూ తిప్పలేదు.

తండ్రి చేతిలో టీ ఒలికింది. "ఎన్నో మట్టం దాకా దిగుతున్నావు తల్లీ?"

"అడగాల్సిన ప్రశ్న అదా, మహానుభావా!"

"నాకూ ఇప్పుడే తెలిసింది, ఒట్టు. బుర్ర పనిచెయ్యక ఏదో నోటికొచ్చింది."

తల్లి నేల మీద కూలబడింది. "సాయంత్రం కడిగిన ముత్యంలా వచ్చేదానివి కదే!"

"గని దగ్గరే స్నానం చేసి వచ్చేదాన్ని. నిన్ననే చెబుదామనుకున్నా. మొన్న కూడా అనుకున్నా."

"మీ మామయ్యను మింగింది చాల్లేదా దానికి?"

"మామయ్య మీద పడింది కప్పేగా! ఆ కప్పు చూసే పనే నాది." కూతురు పక్కనే చతికిలబడింది. "కుండ కొనేముందు నువ్వు తట్టి చూడవూ? నేనూ అంతే. ఇనపకడ్డీతో కప్పును తడతా. బోలుగా మోగిందంటే అందర్నీ బయటికి పంపేస్తా."

"నీకు సరిగ్గా వినపడకపోతే?"

"పక్కింట్లో గుసగుసలాడినా వినే చెవులమ్మా ఇవి. నీ చెవులే."

తల్లికి నవ్వు రాలేదు. ఏడుపు వచ్చింది.

"వద్దంటే మానేస్తా," అంది కూతురు మెల్లగా.

తల్లి లేచింది. మాడిన రొట్టె తీసేసి కొత్త ముద్ద ఒత్తింది. పున్నమిచంద్రుడికి గుండ్రదనం నేర్పగల ఆ చేతిలోంచి, ఒక పక్క లావుగా, పిడి ఉన్నట్టుగా వంకర రొట్టె ఒకటి పుట్టింది. దాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించింది.

"ఇదేంటమ్మా, ఇలా ఉంది?"

"పట్టుకోవడానికి. అంచు ఎలుకలకు పారెయ్యి. నువ్వు మాత్రం ఇంటికి రా."

కూతురు తల్లిని గట్టిగా వాటేసుకుని, డబ్బాతో బస్సుకోసం పరుగెత్తింది. తల్లి పళ్ళెంలోని చంద్రవంకను తీసి, దానిమీద లేని మసిని దులిపి, నోట్లో పెట్టుకుంది. కళ్ళనీళ్ళు పెదాల దాకా జారాయి.

"ఉప్పెక్కువైంది," అంది. తన వంటకు తానే వంకపెట్టడం ఆమెకదే మొదలు.

భర్త రుచి చూడకుండానే ఒప్పుకున్నాడు.