కదిలిన గీత

గుడివాడ నుంచి ముదినేపల్లి వెళ్లే రోడ్డు మీద, ఊరు దాటిన రెండు మైళ్లకు, చేపల చెరువుల మధ్య ఒక క్యాన్సర్ ఆసుపత్రి ఉండేది. దాని వెనుక రోగుల కుటుంబాల కోసం పెంకులు కప్పిన సత్రం. పన్నెండు గదులు, పొడవాటి వసారా, చివర ఒక కుళాయి. గాలి తిరిగితే చెరువులో కట్టిన మేత సంచుల నుంచి పులిసిన తవుడు వాసన వచ్చేది. 1997 శ్రావణంలో నేనూ, నా భార్య సత్యవతమ్మా అక్కడి ఏడో గదిలో ఉన్నాం. నేను మొవ్వ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. ఎక్కువగా మాట్లాడే అలవాటు లేదు. జరిగింది జరిగినట్లు రాస్తాను.

నా భార్యకు ఎడమ రొమ్ములోని గడ్డను తీసివేశారు. ఆపైన ఇరవై అయిదు రోజులు కోబాల్టు యంత్రం కింద పడుకోవాలన్నారు. సత్రంలో అందరూ దాన్ని ‘కరెంటు పెట్టడం’ అనేవారు. పక్క గదిలోని సబీహా బందరు మనిషి. గొంతుకు కరెంటు పెట్టించుకుంటూ కూడా నోరు మూసుకునేది కాదు.

“ఊరంతా కరెంటు పోయినా మనకి మాత్రం రోజూ పెడుతున్నారక్కా. మనమంటే ఎంత ప్రేమో చూశావా!” అనేది.

యంత్రం నడిపే జకరయ్య మొదటి రోజునే అగ్గిపుల్లకు దూది చుట్టి, ఊదారంగు మందులో ముంచి, నా భార్య ఛాతీ మీద నాలుగు గీతలు గీశాడు. కిరణం ఆ నాలుగు గీతల మధ్యే పడాలి. గీత తప్పితే రోగమున్న చోటు మిగిలిపోతుంది, గుండె కాలుతుంది.

“వీటి మీద చుక్క నీరు పడకూడదమ్మా. చెరిగితే వెంటనే నాకు చెప్పాలి. మాస్టారూ, మీరు కాస్త కనిపెట్టి ఉండండి,” అన్నాడు.

“గీతల గురించి నాకు చెప్పనక్కరలేదు,” అన్నాను.

ఆ సంగతి విని సబీహా పగలబడి నవ్వింది. “ముప్పై ఏళ్లు ఊరి పిల్లలందరికీ మార్కులేసిన మాస్టారు! చివరికి ఆయన భార్యకి ఇంకెవరో మార్కులేశారు!”

నేను నవ్వలేదు. సత్యవతమ్మ మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆపరేషన్ తరువాత ఆమె నవ్వడం అదే మొదటిసారి.

ఆ ఏడు పంద్రాగస్టు, వరలక్ష్మీ వ్రతం ఒకే శుక్రవారం వచ్చాయి. ఆసుపత్రికి ఆదివారం దాకా సెలవు. ఆ శుక్రవారం నేను నిద్ర లేచేసరికి నా భార్య కుళాయి దగ్గర పసుపు రాసుకుని తలారా స్నానం చేసి వచ్చి, తడి జుట్టుతో పీట మీద కూర్చుని ఉంది. పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లలో వ్రతం నాటి ఆ స్నానం ఆమె ఒక్కసారీ మానలేదు. గీతలు ఉన్నచోట పసుపు మిగిలింది. ఊదారంగు లేదు.

“సబ్బు రుద్దలేదండీ. ఉత్త నీళ్లే,” అంది భయంగా.

జకరయ్యకు చెప్పవలసింది. గీతలు మళ్లీ కొలవవలసిన డాక్టరు ఝాన్సీలక్ష్మి గారు సెలవు మీద వెళ్లారు, పది రోజుల దాకా రారు. అన్నాళ్లు వైద్యం ఆగితే ప్రమాదమని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజమే. గీతల గురించి నాకు చెప్పనక్కరలేదన్నవాణ్ణి నేను. ఆ మాటను జకరయ్య ముందు మింగడం నా వల్ల కాలేదు. ఆదివారం సాయంత్రం గుడివాడ మందుల షాపులో ఊదామందు సీసా కొని, తలుపు గడియ వేసి, జ్ఞాపకం మీద ఆ నాలుగు గీతలూ నేనే గీశాను. నా చెయ్యి వణకలేదు.

సోమవారం జకరయ్య వాటిని చూశాడు. ఏమీ అనలేదు. యంత్రం నడిచింది.

ఆ రాత్రి నుంచి నాకు కుదురు లేదు. మెడ కింది ఎముకకు నాలుగు వేళ్ల కిందనా, మూడున్నరా? ఎంత తలచుకున్నా జకరయ్య గీసిన గీత కళ్ల ముందు నిలిచేది కాదు. నేను గీసినదే కనిపించేది.

మంగళవారం మధ్యాహ్నం ఆమె కునుకు తీసి లేచాక చూశాను. పై గీత అర అంగుళం కిందికి జరిగి ఉంది. చెరిపి దిద్దిన జాడ లేదు. అసలు అక్కడే గీసినట్లు ఉంది. నా కళ్ల పొరపాటనుకున్నాను. బుధవారం స్కేలు పెట్టి కొలిచాను. పక్క గీత కూడా జరిగింది.

జకరయ్యను వసారాలో ఆపి, “మీరేమైనా మళ్లీ గీశారా?” అని అడిగాను.

“లేదండీ. చక్కగా ఉన్నవాటిని ఎందుకు ముట్టుకుంటాం?” అన్నాడు.

గురువారం ఆమె వీపు మీద, రెక్క ఎముక కింద, రూపాయి బిళ్లంత వృత్తం కనిపించింది. ఊదారంగు. ముప్పై ఏళ్లు బోర్డు మీద వృత్తాలు గీసిన నేను అంత నిండైన వృత్తాన్ని చేత్తో ఎన్నడూ గీయలేదు. ఆమె చెయ్యి అక్కడికి అందదు.

“ఇది ఎవరు గీశారు?”

“మీరే కదండీ,” అంది ఆమె. “మధ్యాహ్నం పడుకున్నప్పుడు రోజూ గీస్తున్నారుగా. కరెంటు పెట్టిన చోట ఒకటే మంట... మీ చెయ్యి చల్లగా ఉంది. ప్రాణం లేచొస్తోంది.”

“నన్ను చూశావా?”

“కళ్లు తెరవద్దన్నారు కదా.”

“ఎవరు?”

ఆమె నా ముఖంలోకి చూసింది. ఆమె పెదవుల మీది రంగు మెల్లగా పోయింది.

శనివారం సబీహా గోడ మీద తట్టి పిలిచింది. “చుట్టాలొచ్చారా మాస్టారూ? మధ్యాహ్నాలు ఎవరో ఆడమనిషి గొంతు వినిపిస్తోంది. ‘కదలకు, కదలకు’ అంటోంది పాపం. పరిచయం చెయ్యరేంటండీ?”

“ఎవరూ రాలేదు,” అన్నాను.

సబీహా ఈసారి నవ్వలేదు.

ఆదివారం ఉదయం నుంచీ ముసురు. సాయంత్రం ఆరు గంటలకే చెరువులూ ఆకాశమూ ఒకే రంగులో కలిసిపోయాయి. కరెంటు పోయింది. లాంతరు వెలిగించి మంచం పక్కన కూర్చున్నాను. సత్యవతమ్మ నిద్రలో ఎడమ చెయ్యి తల మీదికి ఎత్తి పడుకుంది. యంత్రం కింద అలాగే పడుకోమంటారు. పెంకుల మీద చినుకులు. చెరువులో ఎక్కడో చేప ఎగిరి పడిన చప్పుడు. తరువాత కప్పల బెకబెకలు ఆగిపోయాయి.

వాసన ముందుగా వచ్చింది. స్పిరిటు. దాని వెనుక తడి గుడ్డ ఆరకుండా మగ్గిన వాసన.

అప్పుడు వినిపించింది... చర్మం మీద దూది జరుగుతున్న చప్పుడు. చాలా మెల్లగా. ఆగుతూ. మళ్లీ జరుగుతూ.

లాంతరు ఎత్తాను. ఆమె ఛాతీ మీద కింది గీత తడిగా మెరుస్తోంది. మెరుస్తూ... ముందుకు వస్తోంది. గీసే చెయ్యి లేదు. పుల్ల లేదు. గీత ఒక్కటే. నేను గీసిన గీతకు అంగుళం దూరంలో, తిన్నగా, తొందర లేకుండా.

చెయ్యి చాచి పట్టుకున్నాను.

మణికట్టు. సన్నని ఎముక. బావి నీటి చలి. అది విదిలించుకోలేదు. నా చెవి పక్కన ఎవరో ఊపిరి పీల్చుకున్నారు.

“మీరు తప్పు గీశారండీ.”

గుసగుస. మర్యాదగా.

“ఎవరమ్మా నువ్వు?” అన్నాను.

కళ్లు మూసుకునే ఉన్న నా భార్య పెదవులు కదిలాయి.

“మధ్యలో మాట్లాడకండి... ఆవిడకి కొలత తప్పుతుంది.”

నా పిడికిలి ఖాళీ అయింది. అరచేతికి అడ్డంగా తడి ఊదారంగు అంటింది. తెల్లవారేదాకా ఆ చేతిని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను.

సోమవారం ఝాన్సీలక్ష్మి గారు వచ్చారు. మొదటి రోజు కొలతలు రాసుకున్న కాగితాన్ని పక్కన పెట్టుకుని గీతలను కొలిచారు. వెంట్రుకవాసి తేడా లేదు. నేను గీసినవి మాత్రం ఒంటి మీద ఎక్కడా లేవు. నా భార్యను ఒక పక్కకు తిప్పి, ఆ వృత్తం మీద వేలు పెట్టి నొక్కారు. ఆవిడ ముఖం మారింది.

“ఈ గుర్తు ఎవరు పెట్టారు?”

జకరయ్య నా వైపు చూశాడు. సత్యవతమ్మ కూడా చూసింది. అప్పుడైనా నోరు తెరిచి జరిగింది చెప్పవలసింది. చెప్తే, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏ రోజు ఎవరి గీతల మీద యంత్రం నడిచిందో కూడా చెప్పాలి.

“నేనేనండీ,” అన్నాను. “చేతికి గట్టిగా తగిలితే గుర్తు పెట్టాను.”

“మంచి పని చేశారు మాస్టారూ. మీరు చూడకపోతే ఇది మా కంట పడేది కాదు.”

ఎక్స్‌రేలో పక్కటెముక మీద మినపగింజంత మచ్చ కనిపించింది. ఆ చోట మరో పది రోజులు కరెంటు పెట్టారు. నా భార్య బతికింది.

ఆ సాయంత్రం గదిలో ఆమె నాతో ఒక్క మాటే అంది. “మీరు అలా అనకుండా ఉండవలసిందండీ. ఆవిడ అక్కడే ఉంది. విన్నది.”

ఇది జరిగి ఎనిమిదేళ్లయింది. మేము మొవ్వలోనే ఉంటున్నాం. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు చేయిస్తాం. ఏమీ లేదంటారు. ఆ మధ్యాహ్నాల గురించి మేమిద్దరం మళ్లీ మాట్లాడుకోలేదు.

పోయిన గురువారం భోజనం చేసి, ఉక్కగా ఉంటే చొక్కా విప్పి, గోడ వైపు తిరిగి పడుకున్నాను. సత్యవతమ్మ ఎదుటి మంచం మీద ఉంది. కళ్లు మూతలు పడుతుండగా నడుముకు కాస్త పైన చల్లగా తగిలింది. ఫ్యాను గాలి అనుకున్నాను. తరువాత నా భార్య గొంతు వినిపించింది. నిద్రలో మాట కాదు అది. మెలకువగా, స్పష్టంగా, పక్కనున్న మనిషితో చెప్పినట్లు అంది.

“కాస్త ఆగమ్మా... ఆయన ఇంకా నిద్రపోలేదు.”