దాచిన జ్వరం

కామాటిపురాలో, ఒకే వరండా మీద వరుస గదులున్న ఆ పాత చాల్‌లో వానాకాలం పొద్దులన్నీ గంగవ్వ కషాయం వాసనతోనే తెల్లారేవి. తిప్పతీగ, తులసాకు, శొంఠి, మిరియాలు వేసి కాచి, వరండాలో కనబడిన ప్రతివాళ్ల చేతిలో గ్లాసు పెట్టేది.

"తాగుండ్రి. దీంట్ల యాంటీఆక్సిడెంట్లున్నయి. ఏ జరమూ దగ్గరికి రాదు."

ఆ పెద్ద మాట నేర్పింది కోడలు ప్రాజక్త. నాగ్‌పాడాలో మందుల దుకాణంలో పనిచేసే ఆ పిల్ల, కాపురానికి వచ్చిన కొత్తలో అత్త మెప్పు కోసం, తిప్పతీగ పొడి డబ్బా మీద రాసింది చదివి చెప్పింది.

ఆ పొద్దున మాత్రం కషాయం పొంగి పొయ్యి మీద కారుతున్నా గంగవ్వ లేవలేదు. భర్త బాలనర్సయ్య కాళ్ల దగ్గరే కూర్చుంది. మొన్నటి నుంచీ అతనికి జ్వరం. కొడుకు మంగేష్‌కూ, కోడలికీ "నడుం నొప్పి" అని చెప్పి దాచింది.

మామయ్యకు చాయ్ అందించబోతుంటే ఆయన చెయ్యి తగిలి ప్రాజక్త ఉలిక్కిపడింది.

"అత్తమ్మా, ఇది నడుం నొప్పా? ఒళ్లు పెనం లెక్క కాలుతున్నది! ఈ ఎర్రమచ్చలేంది? డెంగ్యూ గిట్ల కావచ్చు."

"మెల్లగ మాట్లాడు. కషాయం పోస్తున్న. రేపటికి దిగుతది."

ప్రాజక్త అప్పటికే మంగేష్‌కు ఫోన్ చేస్తోంది. "జల్దీ టాక్సీ తీస్కరా. మామయ్యను దవఖానకు తీస్కపోవాలె."

గంగవ్వ వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడింది. "తోలనియ్య. దీంట్ల మంచి గుణమున్నదని నువ్వే చెప్పినవ్ గదా? ఇయ్యాల నా మందు ఉత్తదైందా?"

ప్రాజక్త ముఖం పాలిపోయింది. "ఒంటికి మంచిదంటరని చెప్పిన. జరమే రాదని చెప్పలె. నువ్వు అందరికీ అట్ల చెప్తుంటే ఆపాల్సింది. నీ మనసు నొస్తదని ఊకున్న. అది నా తప్పే. గానీ ఇంకా ఆగితే మామయ్య మనకు దక్కడు."

"దవఖానకు పోతే దక్కుతడా?" గంగవ్వ తలుపు వదల్లేదు. "నా నిలేష్ నడుసుకుంటనే పోయిండు. మళ్ల మొహం సూడనిచ్చిండ్రా? బట్టల చుట్టి మూట జేసిండ్రు."

కరోనా ఏడాది పోయిన పెద్దకొడుకు పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఈ కషాయం పొయ్యి ఎక్కింది ఆ తర్వాతేనని ప్రాజక్తకు అప్పుడు తట్టింది. ఆమె కోపం నీరుగారిపోయింది. అత్త రెండు చేతులూ పట్టుకుంది.

"ఈసారి నువ్వు ఎంబడే ఉంటవ్. నిన్ను బయట నిలవెట్టనియ్య. నా మీద ఒట్టు."

గంగవ్వ కోడలి కళ్లలోకి చూసి, తలుపు వదిలి పక్కకు జరిగింది.

డెంగ్యూయేనని పరీక్షలో తేలింది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. ఇంకొంచెం ఆలస్యమైతే చేయి దాటిపోయేదని డాక్టర్ చెప్పాడు. ప్రాజక్త మాట తప్పలేదు. నర్సును బతిమాలి అత్తకు మంచం పక్కన స్టూలు వేయించింది. జ్వరం దిగి ముసలాయన కళ్లు తెరిచేదాకా గంగవ్వ అక్కణ్నుంచి కదలలేదు.

"దవఖానకు రాకముందే కడుపుల నొప్పి లేసింది గంగా, నీకు చెప్పలె," అన్నాడతను నీరసంగా.

"మరి చెప్పొద్దా?"

"ఎట్ల చెప్పాలె? పిలగాడు పోయినంక ఆ కషాయం కాసుకుంటనే నువ్వు మళ్ల మనిషివైనవ్. అది పని జేస్తలేదంటే నువ్వేమైపోతవోనని..."

గంగవ్వ అతని చేతిలో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తన మందు మీద నమ్మకం పోకూడదని ఈ మనిషి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. ఇంకెవరెవరు తన మొహం చూసి బాధ మింగి ఊరుకున్నారో! ఆ ఆలోచన రాగానే ఆమె గబుక్కున లేచింది.

"బిడ్డా, మన పక్క ఖోలీల ఉండే ఎల్లమ్మకు ఫోన్ కలుపు. వణుకు పుడుతున్నదని నిన్న చెప్తే, కషాయం తాగి పండుకొమ్మన్న."

ప్రాజక్త ఫోన్ కలిపి ఇచ్చింది. అవతల ఎల్లమ్మ గొంతు సన్నగా ఉంది. "తగ్గుతదిలే గంగక్కా. నువ్వు చెప్పినట్టే తాగుతున్న."

"నా మాట పట్టుకోని కూసోకు ఎల్లమ్మా. ఇప్పుడే దవఖానకు రా, నెత్తురు పరీక్ష చేపిద్దాం. భయపడకు. గేటు కాడ నేనే నిలవడి ఉంట."

ఫోన్ కోడలికిచ్చి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, గంగవ్వ మెట్లు దిగి గేటు వైపు నడిచింది.