విరుగుడు ఏ విభాగంలో?

శాంతి చర్చలకు వచ్చిన రాయబారి ఎవరితోనో కరచాలనం చేసి, మెట్లు దిగుతూ కుప్పకూలాడు. అరచేతిలో సూదిమొన గాటు. ప్రాణం ఉంది. సాయంత్రం దాకా నిలుస్తుందన్న నమ్మకం డాక్టరుకే లేదు.

వైద్య పరిశోధనల ఇండెక్సింగ్ ఆఫీసులో కూర్చున్న ఏజెంట్ డేగకు చెవిలోని రిసీవర్‌లో చీఫ్ గొంతు వినిపించింది.

"విషం పెప్టైడ్. దానికి విరుగుడు కనిపెట్టి ఎవరో పేపర్ రాశారు. డాక్టర్లు ఎంత వెతికినా దొరకట్లేదు. శత్రువుల మనిషి మీ ఆఫీసులోనే ఉండి దాన్ని తప్పు విభాగంలో పడేశాడు. వెతుకు. దొరగ్గానే 'కాఫీ చల్లారింది' అను."

డేగకు ఒళ్లు మండింది. విమానాల్లోంచి దూకి వంతెనలు పేల్చిన తనను తెచ్చి, దొంగ మీసం అంటించి, ఇక్కడ కూర్చోబెట్టారు. పొద్దస్తమానం పేపర్లు చదవడం, లేబుళ్లు తగిలించడం. అమినో ఆమ్లం ఒంటి పూస. కొన్ని పూసలు గుచ్చితే పెప్టైడ్. బారెడు దండ ముడతలు పడి ఉండ చుట్టుకుంటే ప్రొటీన్. ఈ మాత్రం బుర్రకెక్కేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కళ్లజోడులోని కెమెరా వచ్చిన వారానికే చచ్చింది.

పెప్టైడ్లన్నీ జల్లెడ పట్టాడు. లేదు. అమినో ఆమ్లాలు తిరగేశాడు. లేదు.

"ఏం తమ్ముడూ, ఒంటి పూసల్లో దండలు వెతుకుతున్నావా?"

సెక్షన్ హెడ్ మేడమ్. నడుము దాటిన జుట్టు, మత్తెక్కించే సెంటు. చీఫ్ పంపగా శత్రువుల ముఠాలో చేరి, అక్కడి కబుర్లు ఆయనకు చేరవేసేది ఆమే. ఆమె జోలికి వెళ్లొద్దని ఆర్డర్.

"ఇన్నాళ్లయినా నీకు తేడా తెలీదు," అని నవ్వుతూ వెళ్లిపోయింది.

ఆ మాట ములుకులా గుచ్చుకుంది. నిజమే. విషం పెప్టైడ్ అయినంత మాత్రాన విరుగుడూ పెప్టైడ్ కానక్కర్లేదు. విషాన్ని పట్టి బంధించేది యాంటీబాడీ. అంటే ప్రొటీన్. ఇంతసేపూ తను విషం వెంట పరిగెత్తాడు, మందు వెంట కాదు. యాంటీబాడీల విభాగం తెరిచాడు. అక్కడా లేదు. కీబోర్డు గోడకేసి కొట్టాలనిపించింది.

ప్రొటీన్లలో మేడమ్ ఎవరినీ ముట్టనివ్వని విభాగం ఒకటుంది. కెరాటిన్. జుట్టు, గోళ్ల ప్రొటీన్. అందం పిచ్చి అని అందరూ నవ్వుకునేవాళ్లు. తెరిచాడు. బట్టతల, విరిగే గోళ్లు, గొర్రె ఉన్ని, వాటి మధ్య గుర్రం రక్తంలోంచి తీసిన యాంటీబాడీ. పేపర్లో అదే విషం పేరుంది, పైన దాని లేబుల్ మాత్రం పీకేసి ఉంది.

"చేతులు పైకెత్తు, తమ్ముడూ."

వెనక నిలబడ్డ మేడమ్ చేతిలోని లిప్‌స్టిక్‌లోంచి సన్నటి గొట్టం అతని మెడకు గురిపెట్టి ఉంది.

"చీఫ్ మిమ్మల్ని నమ్మారు," అన్నాడు డేగ.

"వాళ్లూ నమ్మారు. ఆయనకంటే ముందే."

డేగ టేబుల్‌ను కాలితో బలంగా తన్నాడు. చక్రాల కుర్చీ వెనక్కి దూసుకెళ్లి ఆమె మోకాళ్లకు తగిలింది. తూటా మానిటర్‌లో దిగింది. ఆమె లేచేలోగా లిప్‌స్టిక్ లాక్కున్నాడు.

"కాఫీ చల్లారింది సార్. గుర్రం రక్తం. ల్యాబ్ ఈ ఊళ్లోనే ఉంది. సీరం వాళ్ల దగ్గరే."

డాక్టరు రాయబారి నాడి వదిలి లేవబోతుండగా ఇంజెక్షన్ వచ్చింది. చీకటి పడేసరికి ఆయన మంచినీళ్లు అడిగాడు.

"శభాష్," అన్నాడు చీఫ్.

"ఇకనైనా నన్ను ఫీల్డుకి పంపండి సార్."

"ఆవిడ ఇంకెన్ని లేబుళ్లు మార్చిందో? అన్నీ మళ్లీ చూడాలి. పూసకీ దండకీ తేడా తెలిసిన ఏజెంట్ మనకి నువ్వొక్కడివే. ఆ కుర్చీలో కూర్చో."

డేగ రిసీవర్‌ను చెవిలోంచి సగం లాగాడు.

"సార్, మీ మాట సరిగ్గా వినపడట్లేదు," అన్నాడు.