నాన్న బిగించిన బ్యాటరీ

శనివారం పొద్దున మార్లిస్ పెనం మీద పాన్‌కేక్ తిరగేస్తుండగా, వెనక షెడ్డులోంచి పాత పికప్పు మూలుగు వినిపించింది. 1952లో మామగారు కొన్న బండి అది. చలికాలం రాగానే ఆమె మొగుడు డెల్మర్ దానికి దుప్పటి కప్పుతాడు. పెళ్లానికి చలేస్తే మాత్రం, "ఇంకో స్వెట్టర్ వేసుకో" అంటాడు.

ముందురోజే వచ్చిన కూతురు బ్రిట్టా కిటికీలోంచి షెడ్డు వైపు చూస్తూ కాఫీ తాగుతోంది. ముప్పై నాలుగేళ్లు ఆ పిల్లకి. ఆ చుట్టుపక్కల ట్రాక్టర్లకూ కోత మిషన్లకూ కరెంటు పనులన్నీ తనే చూస్తుంది. ఒక్క ఆ బండి మీద మాత్రం తండ్రి చెయ్యి వెయ్యనివ్వలేదు.

డెల్మర్ మొహం వేలాడేసుకుని లోపలికి వచ్చాడు. "బ్యాటరీ దిగిపోయింది."

"దిగక ఏం చేస్తుంది నాన్నా? ఇంజను జోరుగా తిరిగితేనే ఆ డైనమో ఛార్జి చేసేది. ఏటా ఊరి ఊరేగింపులో నువ్వేమో దాన్ని నడిచే మనిషి వేగంతో నడుపుతావు. ఆ డైనమో బదులు కొత్తరకం ఆల్టర్నేటర్ బిగించి, ఆరు వోల్టుల బ్యాటరీ తీసేసి పన్నెండుది పెడితే ఏ బాధా ఉండదు."

"మా నాన్న పెట్టినవేవీ కదిలించేది లేదు."

"పోయినేడు చర్చి ముందు ఆగిపోతే పాటల బృందం ఆడవాళ్లు తోశారు," అంది మార్లిస్. "నేను లోపల కూర్చుని, తోస్తున్నవాళ్లకే చెయ్యి ఊపాను. ఈసారి నేనూ దిగి తోస్తాను. కాస్త ఒళ్లయినా తగ్గుతుంది."

బ్రిట్టా నవ్వలేదు. "కోతల మధ్యలో మిషను ఆగిపోతే ఊరంతా నన్నే పిలుస్తుంది నాన్నా. నువ్వు తప్ప. నీ తర్వాత బండి నాదే అంటావే, ఆ మాట వెనక్కి తీసుకో. ఇప్పుడు ముట్టుకోడానికి పనికిరానిదాన్ని, అప్పుడెలా పనికొస్తాను?"

ఈలోగా పాన్‌కేక్ మాడిపోయింది. డెల్మర్ ఆ మాడినదాన్నే తిని, బాగుందన్నాడు.

"సరే, నువ్వే బిగించు," అన్నాడు చివరికి. "బ్యాటరీ మాత్రం నేను పెడతాను."

సామానంతా మూడు నెలలుగా బ్రిట్టా కారు డిక్కీలోనే ఉందని మార్లిస్‌కి తెలుసు. తెలియనట్టు ఆశ్చర్యపోయింది.

మధ్యాహ్నానికి పని పూర్తయింది. డెల్మర్ పక్కనే నిలబడి, అడగని సలహాలన్నీ ఇచ్చాడు. కూతురు చేతులు కడుక్కోడానికి అటు తిరగగానే కొత్త బ్యాటరీ ఎత్తిపెట్టి వైర్లు బిగించాడు. టప్‌మని చప్పుడు, వెంటనే ఆల్టర్నేటర్లోంచి పొగ.

"చూశావా!" అన్నాడు డెల్మర్. "మా నాన్న డైనమో డెబ్బై ఏళ్లు బతికింది. నీది పుడుతూనే పోయింది!"

బ్రిట్టా బానెట్లోకి వంగింది. ఆమె చూపు బ్యాటరీ దగ్గర ఆగి, స్పానర్ పట్టుకున్న తండ్రి చేతి మీదికి వెళ్లింది. గబగబా వైర్లు పీకేసింది.

"సరుకు మంచిది కాదేమో నాన్నా. చూసుకుని కొనాల్సింది, తప్పు నాదే."

ప్లేట్లో ఆపిల్ పై ముక్కలు పట్టుకొచ్చిన మార్లిస్ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమెకు కరెంటు సంగతి తెలియదు గాని కూతురి సంగతి తెలుసు. అబద్ధం ఆడితే ఆ పిల్ల చెవులు ఎర్రబడతాయి.

ప్లేటు డెల్మర్ చేతికిచ్చి, కూతుర్ని వరండాలోకి లాక్కెళ్లి అడిగింది. "ఏం జరిగింది?"

"ప్లస్ వైరు ఛాసిస్‌కి, అదే బండి ఇనప చట్రానికి బిగించాడమ్మా. ఆ పాత బండికి అదే పద్ధతి, యాభై ఏళ్ల అలవాటు. కొత్తదానికి అక్కడ మైనస్ ఉండాలి."

"మరి చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పను? తొమ్మిదేళ్లప్పుడు నాకు బ్యాటరీ పెట్టడం నేర్పిందే ఆయన. చెబితే మళ్లీ షెడ్డులో అడుగు పెడతాడా?"

దోమతెర తలుపు అవతల ఖాళీ ప్లేటుతో డెల్మర్ నిలబడి ఉన్నాడు. ఇంకో ముక్క కోసం వచ్చాడు.

"పొగ చూడగానే నాకూ తెలిసింది," అన్నాడు నెమ్మదిగా. "తెలిసే నీ మీదికి తోశాను. నువ్వేమో కాదనకుండా నెత్తినేసుకున్నావు." జేబులోంచి నూనె గుడ్డ తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"ఏడిస్తే ఏడువు గాని డెల్మర్, ఆ గుడ్డతో వద్దు," అంది మార్లిస్. అప్పటికే అతని ముక్కు నల్లబడింది. బ్రిట్టా నవ్వుతూ, ఏడుస్తూ తండ్రిని వాటేసుకుంది.

సోమవారం డెల్మరే ఊళ్లోకి వెళ్లి ఇంకో ఆల్టర్నేటర్ తెచ్చాడు. బ్రిట్టా దాన్ని బిగించి, బ్యాటరీ దాకా వచ్చి పక్కకి జరిగింది.

"నువ్వు పెట్టు నాన్నా."

డెల్మర్ స్పానర్ అందుకుని ఆగాడు. "ముందు ఏది?"

"ప్లస్, ఇటు. మైనస్ ఆఖర్న, ఛాసిస్‌కి."

"నువ్వు చూస్తూ ఉండు," అన్నాడు.

గుమ్మం దగ్గరికి వచ్చిన మార్లిస్ చప్పుడు కాకుండా వెనక్కి తిరిగింది. నలభై మూడేళ్ల కాపురంలో అతను ఎవర్నయినా దారైనా, పద్ధతైనా అడగడం ఆమె వినడం ఇదే మొదలు. మధ్యలోకి వెళ్లి దాన్ని చెడగొట్టదలుచుకోలేదు.