ఎర్ర పేజీ

పొద్దున్నే కుక్కరు రెండో కూత వేసేసరికి అతను హాల్లో ఫోను పట్టుకుని కూర్చున్నాడు. వంటింట్లో భార్య రోజూలాగే గిన్నెలు సర్దుతోంది. నిన్న డాక్టరమ్మ అన్న మాట ఇద్దరూ ఎత్తలేదు. భార్య రొమ్ములోని గడ్డ క్యాన్సరేననీ, అది చంకదాకా పాకిందనీ, నాలుగు నెలల ముందే రావలసిందనీ ఆవిడ మెల్లగా చెప్పింది.

ఆఫీసులకూ బడులకూ ఇంటర్నెట్ కాపలా పెట్టడం అతని పని. కూతురు పదో తరగతికి రాగానే సొంతింటికీ పెట్టాడు. చూడకూడని మాటలు ఏరి, అవి ఉన్న పేజీలను అడ్డుకునే ఫిల్టరుకు నేర్పాడు. ఎవరేం వెతికినా రౌటరు దాన్ని ముందు ఫిల్టరు దగ్గరికే పంపుతుంది. పక్కదారులన్నీ ఫైర్‌వాల్ మూసేస్తుంది. బడులకైతే వైద్యం సైట్లను విడిగా వదులుతాడు. ఇంట్లో ముగ్గురికి అంత హంగెందుకని ఊరుకున్నాడు. ఎవరేం చూసినా తనకు తెలుస్తుందనీ, చీమ దూరాలన్నా తన అనుమతి కావాలనీ భోజనాల దగ్గర మీసం మెలేశాడు. అడ్డుపడినప్పుడు కనిపించే ఎర్ర పేజీ మీద తనే ముచ్చటపడి రాశాడు: "సిగ్గు లేదూ? ఇట్లు, నాన్న."

ఇప్పుడు 'రొమ్ము క్యాన్సర్' అని కొట్టాడు. ఎర్ర పేజీ వచ్చింది.

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే. లేచి వెళ్ళి వంటింటి గుమ్మం పట్టుకున్నాడు.

"దీని గురించి నువ్వెప్పుడైనా వెతికావా?"

ఆమె వెనక్కి తిరగలేదు. "వెతికాను. వానలు మొదలైనప్పుడు. గడ్డ చేతికి తగిలిన రోజే."

ఇప్పుడు కిటికీ అద్దం మీద మంచు. ఆమె ఫోనుకు వేరే డేటా కూడా లేదు. ఇంట్లో వైఫై ఉండగా దండగన్నది అతనే.

"మరి నాతో ఒక్క మాట చెప్పొద్దూ?" గొంతు పెరిగింది.

జడ సగంలో వదిలేసి కూతురు వచ్చింది. "అమ్మనెందుకు కసురుతావు నాన్నా? ఎవరేం వెతికారో నాన్నకు తెలుస్తుందా అని అప్పుడు నన్నడిగింది. అన్నీ తెలుస్తాయని చెప్పాను. నువ్వే అన్నావుగా."

భార్య పొయ్యి ఆపింది. "అక్కడ మీరు రాసింది చూసి నిజంగానే సిగ్గేసిందండీ. ఈ వయసులో ఇదేం వెతుకులాట అనుకుంటారేమోనని భయపడ్డాను. ఎలాగూ మీకు తెలిసే ఉంటుంది, అడిగితే చెబుదామనుకున్నాను." కుక్కరు దించింది. "మీరడగలేదు."

ఎవరేం వెతికారో ఫిల్టరు రాసిపెట్టే చిట్టాను అతను ఏనాడూ చూడలేదు. కాపలా పెట్టాడే గానీ కాపలావాడు ఏం చెబుతున్నాడో ఒక్కసారీ వినలేదు.

హాల్లోకి వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మొదట ఎర్ర పేజీ మీది మాట చెరిపాడు. తరవాత ఫిల్టరే తీసేశాడు. ఫోను తెచ్చి ఆమె చేతిలో పెట్టబోతే ఆమె తల అడ్డంగా ఊపింది.

"అక్షరాలు అలుక్కుపోతున్నాయి. మీరే చదవండి."

ముగ్గురూ వంటింటి నేల మీదే కూర్చున్నారు. 'రొమ్ము' అన్న మాటను కూతురి ముందు అతనెన్నడూ పలికినవాడు కాదు. ఫిల్టరుకు మొట్టమొదట నేర్పిన మాట అదే. ఇప్పుడది ప్రతి వాక్యంలోనూ ఉంది. భార్య చేయి పట్టుకుని, ఒక్కచోటా దాటెయ్యకుండా పైకి చదివాడు.