మూడు డిస్కుల్లో ఒక్క పువ్వు

ఆ శుక్రవారం పొద్దున మలేషియాలోని కోటాబారులో వాన తెరిపిచ్చింది. నొరైనీ వంటింట్లో నాసి కెరాబు అన్నంలోకి ఆకులు తరుగుతోంది. మేడ మీద నుంచి భర్త రొస్లాన్ కేక వినిపించింది.

"యానీ! మెక్ పూల ఫోల్డర్ నువ్వేమైనా తీశావా?"

"తీసేశానండి. చెల్లి పెళ్లి వీడియోలకు చోటు చాల్లేదు. రెండో డిస్కులో ఉందిగా!"

పైన కుర్చీ గబుక్కున జరిగిన చప్పుడైంది.

మెక్ నొరైనీ తల్లి. నలభై ఏళ్లు బాటిక్ బట్టల మీద మైనంతో పూలు గీసింది. ఆ నమూనాల కాగితాలన్నీ వరదలో పోయాయి, ముందే తీసిన ఫొటోలు మిగిలాయి. పక్షవాతం వచ్చాక ఆవిడ చెయ్యి వణుకుతోంది, ఇక ఆ ఫొటోలే దిక్కు. వాటి కోసమే రొస్లాన్ పాత కంప్యూటర్లో లినక్స్ అనే సిస్టమ్ ఎక్కించి రెండు డిస్కులను జత చేశాడు. ఒకటి చెడిపోయినా రెండోది కాపాడుతుంది. ఒకటి, రెండు అని అంకెలు అంటించి, వచ్చిన చుట్టానికల్లా చూపించి మురిసిపోయాడు. చూపించే ఓపికే గానీ, విడమరిచి చెప్పే ఓపిక లేదాయనకు.

జుమా నమాజు వేళ దాకా వెతికాడు. చెరిపిన చోటే వీడియోలు ఎక్కాయి, ఒక్క పువ్వూ తిరిగి రాలేదు. మసీదు నుంచి వచ్చాక అన్నం ముందు కూర్చుని విరుచుకుపడ్డాడు.

"ఒకదాంట్లో చెరిపితే రెండోదాంట్లోనూ చెరిగిపోతుంది! బుర్ర ఉందా నీకు?"

"రెండు చోట్ల ఉంది, రెండు చోట్ల ఉందని ఊరంతా చాటారు. ఈ ముక్క ఒక్కసారైనా నాకు చెప్పారా?"

"చెప్తే నీకు అర్థమవుతుందా?"

"అర్థం కాదనే కదా, కంప్యూటర్ బయట ఇంకో కాపీ పెట్టమని మొత్తుకున్నాను! దానికని మూడో డిస్కు కొన్నారుగా, తెండి."

రొస్లాన్ తల దించుకున్నాడు. "అది కూడా దాంట్లోనే కలిపేశాను. మూడుంటే ఇంకా గట్టిగా ఉంటుందని."

"గట్టిగానే ఉంది మీ పెట్టె. మా అమ్మ చేతిపనే లేదు అందులో."

గుమ్మంలో మెక్ నిలబడి ఉంది. అంతా వినేసింది.

"అరుచుకోకండి. కాగితం ఇలా ఇవ్వు, నాయనా."

ఒక మందారం గీయబోయింది. గీత పక్కకు జారింది. మళ్లీ దిద్దింది, మళ్లీ జారింది. "ఈ రేక ఇలా ఉండేది కాదర్రా," అని ఆవిడ ఏడ్చేసింది.

రొస్లాన్‌కు అప్పుడు తన తప్పు తెలిసొచ్చింది. డిస్కు చచ్చిపోతే ఏం చేయాలో నెలల తరబడి ఆలోచించాడు. ఇంట్లో మనిషికి ఒక్క మాట చెప్పాలని మాత్రం తట్టలేదు. కళ్లు తుడుచుకుంటూ మేడెక్కి, మూడో డిస్కును విడదీసి ఖాళీ చేశాడు. అత్తగారు గీసినదాన్ని ఫొటో తీసి అందులో పెట్టాడు. భార్యను పిలిచాడు.

"ఇక ఇది నీ బీరువాలో ఉంటుంది. ఫొటోలు ఇందులో ఎలా దాచాలో నేర్పిస్తాను. తప్పు నాదే, యానీ."

"మీదే," అంటూ ఆమె ముక్కు చీది, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "చెప్పండి. ముందు ఏది నొక్కాలి?"

తెర మీద ఒకే ఒక్క పువ్వు ఉంది. అదీ వంకరది.